కొత్త పొయ్యి మీద పాలు

నవంబర్ 2008, శనివారం రాత్రి

ఇల్లు వెచ్చబెట్టే హీటింగ్ ఆయిల్ ధర భరించలేక చివరికి బొగ్గు పొయ్యికి మారాం. కొంచెం బొగ్గయితే ఇంటిదాకా తెచ్చివ్వరట, ఆ డీలర్లకి ఎంత టెక్కో! పక్కింటి వాల్టర్ మా ఆయన్ని తన ట్రక్కులో గని దగ్గరికే తీసుకెళ్లాడు. అక్కడ చాలా చవగ్గా దొరికింది. "ఇన్ని బొగ్గు గనులున్న పెన్సిల్వేనియాలో ఉంటూ చలికి వణకడమేంటి?" అని నవ్వాడట. ఎంత మంచివాడో.

పొయ్యి బాగా రాజుకున్నాక అత్తయ్య దానికి పసుపు, కుంకుమ పెట్టి, పైన పాలగిన్నె పెట్టారు. పాలు అంచుదాకా రాగానే వాల్టర్ కంగారుగా గిన్నె దించేశాడు. అత్తయ్య మొహం చిన్నబోయింది. "కొత్త పొయ్యి కదా వాల్టర్, పాలు పొంగితే మాకు శుభం," అన్నాను. పాపం, సారీ చెప్పి తనే మళ్లీ గిన్నె పెట్టి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పాలు చుయ్‌మని పొంగగానే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టింది వాల్టరే.

ఈ బొగ్గు మార్చిదాకా వస్తుందో లేదో... పొయ్యి దగ్గర విషవాయువు పసిగట్టే అలారం ఇంకోసారి చూసిరావాలి.

ఇందాక అత్తయ్య గదిలోకి తొంగిచూశాను. స్వెటర్ కుర్చీకి వేలాడుతోంది. పోయిన చలికాలమంతా ఆవిడ దాన్ని నిద్రలో కూడా విప్పలేదు.