ఖాళీ కొక్కెం

మర్గిలాన్,
14 నవంబరు 1983.

హోసియత్‌కు,

మస్తూర అక్క సలాము చెప్పి, దీవించి రాయునది అని మొదలుపెట్టడం నాకు అలవాటు. ఈసారి సలాము వరకే తీసుకో. దీవెన కలం దాకా వచ్చి ఆగిపోయింది, బలవంతాన రాస్తే అబద్ధమవుతుంది. మీ ఆయన, పిల్లలు కులాసా అనుకుంటాను. మీ అత్తగారి మోకాళ్లు ఈ చలికి పట్టేసి ఉంటాయి, ఒంటె ఉన్ని పట్టీ కట్టుకోమను. ఆవిడ నాకే అపకారమూ చెయ్యలేదు కాబట్టి అడుగుతున్నాను.

ఇక్కడ మా ఉమ్రినిసా అక్క ఇంట్లో అందరూ క్షేమం. పత్తి తీతలు అయిపోయాయి. ఊళ్లో ఎవరి వేళ్లు చూసినా గీరుకుపోయి ఉన్నాయి. అక్క చలికాలానికి దానిమ్మకాయలు గడ్డిలో చుట్టి దాస్తోంది, నన్నూ సాయం పట్టమంది. గడ్డి చూడగానే నాకు ఒళ్లు మండిపోయింది. లేచి వెళ్లిపోయాను. అక్కకు అర్థం కాలేదు గాని నీకు అర్థమవుతుంది. అక్క కోడలు గుల్చెహ్ర మాత్రం, చిన్నత్తకి గడ్డి అంటే గిట్టదేమో, గుర్రాన్నెప్పుడూ పెంచలేదు కదా అని నవ్వింది. నోరు పెద్దదేగాని మనసు మంచి పిల్ల.

నేను ఎక్కడికి పోయానని నువ్వు మా పక్కింటివాళ్లను అడిగావట. నేనిక్కడికి బయల్దేరకముందు, మాంసం కూరి ఆవిరికి ఉడికించిన మంతీల పళ్లెం పట్టుకుని మా గుమ్మం ముందు ఎంతసేపు నిలబడ్డావో నాకు తెలుసు. నేను తలుపు వెనకే ఉన్నాను. ఉల్లిపాయ, కొవ్వు వాసన తలుపు సందులోంచి వస్తుంటే నోరూరింది కూడా. అయినా తియ్యలేదు. అక్కా, ఒక్కసారి నా మాట విను అన్నావు. నీ మాట ఆ రోజు అందరితో పాటు నేనూ విన్నానమ్మా. మళ్లీ వినే ఓపిక లేదు.

మరిచిపోయావేమో, గుర్తు చేస్తాను. కొత్త కోడలిగా ఆ ఊరొచ్చి కార్ఖానాలో చేరినప్పుడు నీకు ఏం తెలుసే? గాజుపూత ఆరిన ఇనప టీ కూజాని పిడి పట్టుకుని, గొలుసుకి వేలాడే కొక్కేనికి తగిలించావు. గొలుసు దాన్ని కొలిమిలోకి లాక్కుపోయింది. లోపల పూత కరిగి పిడీ, కొక్కెమూ ఒకటైపోయాయి. నా వైపుకి వచ్చాక పటకారుతో పట్టి లాగితే కూజాతో పాటు కొక్కెం కూడా ఊడి వచ్చింది. దీనికి తోక మొలిచిందేమిట్రా దేవుడా అని నేను అరిస్తే కార్ఖానాలో అందరూ పడీ పడీ నవ్వారు. నువ్వు కొలిమి ఇవతల నిలబడి ఏడ్చావు. నీ చెయ్యి పట్టుకుని, కూజా లోపలి అంచుని ఎలా ఆనించాలో, గొలుసు కదులుతుంటే దానితో పాటు అడుగు వేస్తూ ఎలా తగిలించాలో నేర్పింది ఎవరు? నేను. అప్పటి నుంచీ ఎక్కించేది నువ్వు, దించేది నేను. మధ్యలో కొలిమి.

ఆ ఖాళీ కొక్కెం అలవాటు కూడా మనిద్దరిదే. కొలిమికి గాలి కొట్టే మర మోతలో అరిచినా వినపడదు. కాగితం ముక్క పంపితే కాలిపోతుంది. నిప్పులోంచి ఇవతలి మాట అవతలికి చేరాలంటే ఏమీ తగిలించని కొక్కెమే దిక్కు. పొద్దున్నే మొదటి కొక్కెం ఖాళీగా వస్తే నువ్వు వచ్చావని నాకు తెలిసేది. పని మధ్యలో ఒకటి ఖాళీగా వస్తే, అక్కా, కాస్త ఊపిరి తీసుకో అని. రెండు పక్కపక్కన వస్తే, జాగ్రత్త, మన పై అధికారి ఎర్మతోవ్ వస్తున్నాడు అని. నేను నీకు బదులు చెప్పడం ఇంకా సుఖం. దించేసిన కొక్కేలు కొలిమిలోకి పోకుండా పైకప్పు కిందుగా నీ దగ్గరికే తిరిగొస్తాయి. ఎండు ఖుబానీ పళ్లు గుడ్డలో కట్టి పంపేదాన్ని. ఒకసారి సగం సమోసా పంపితే దాని కొవ్వు కారి కింద నిలబడ్డ మెకానిక్కు టోపీ మీద పడింది. ఈ కార్ఖానాలో పిట్టలు కూడా బాగా తింటున్నాయి అన్నాడు పాపం.

ఎంత నవ్వుకున్నామే ఇద్దరం! అందుకే తట్టుకోలేకపోతున్నాను.

నిరుటి నుంచి నీ ఖాళీ కొక్కేలు ఎక్కువయ్యాయి. నేను అడగకుండానే వచ్చేవి. ఎంత ప్రేమ నా చెల్లికి, నేను ముసలిదాన్నవుతున్నానని జాలి పడుతోంది అనుకున్నాను. పిచ్చిదాన్ని. నువ్వు నన్ను గమనిస్తున్నావని, నా మీద సాక్ష్యం కూడబెడుతున్నావని ఎలా అనుకుంటాను?

ఆ బొంతసూది సంగతి ఒకటి. భోజనాల దగ్గర నేను మీ మరిది పెళ్లి కబుర్లు చెబుతుంటే, బల్ల కింద నా అరచేతిలో సూది గుచ్చావట. నేను కబుర్లు ఆపలేదట, చెయ్యి కూడా తీసుకోలేదట. నీ ముఖం సున్నం కొట్టినట్టయింది. అక్కా, నీ చేతికి స్పర్శ పోయింది, డాక్టరు దగ్గరికి పోదాం పద అన్నావు. ఏం మాటలవి? ఏళ్ల తరబడి కాలిన సామాను ఎత్తిన చెయ్యి గట్టిపడదూ? తందూరులోంచి రొట్టె ఉత్త చేత్తో తీస్తానని మా వీధి వీధంతా నన్ను మెచ్చుకునేది. తొడుగు మాడి చిల్లు పడి, అరచేతిలో బొబ్బ లేచిన రోజున కూడా నేను పని ఆపలేదు. నువ్వు ఆ బొబ్బ చూసి గోల పెట్టావు, నేను నవ్వాను.

డాక్టరు దగ్గరికి వెళ్తే ఏమవుతుందో నీకు తెలియదా? ఒక్క కాగితం రాసి నన్ను కొలిమి నుంచి తప్పిస్తారు. ఇంకొక్క చలికాలం గడిస్తే వేడిపని వాళ్లకిచ్చే పింఛను నాకు ముందుగానే వచ్చేది. మా ఆయన పోయినప్పటి నుంచి నేను పెట్టుకున్న ఆశ అదొక్కటే. మర్గిలాన్ వచ్చి, అక్క వాకిట్లో ద్రాక్ష పందిరి కింద కూర్చుని, ఎవరి గంటకూ లేవకుండా టీ తాగాలని. ఇదంతా నీకు చెప్పే, రొట్టె చేతిలో పెట్టి ఒట్టు వేయించుకున్నాను. ఎవరికీ చెప్పనక్కా అని రొట్టెను కళ్లకద్దుకున్నావు. గుర్తుందా? రొట్టె మీద ఒట్టు వేసి తప్పినవాళ్లను మా అమ్మ గడప తొక్కనిచ్చేది కాదు.

ఆ తరవాత ఆ మీటింగు. గొలుసు ఆపి అందరినీ నిలబెట్టాడు ఎర్మతోవ్. కొక్కేలు ఉత్తినే కొలిమిలోకి పోతున్నాయి, గాలిని కాల్చడానికా మనకి గ్యాసు ఇస్తున్నది, ఎవరి పని ఇది అని అరిచాడు. అందరూ నీ వైపే చూశారు. ఎక్కించేది నువ్వే కదా. చెల్లి ఇరుక్కుపోయింది, నేనే వదలమన్నానని చెప్పేద్దాం, ముసలిదాన్ని కాబట్టి తిట్టి వదిలేస్తాడు అనుకుని ఒక అడుగు ముందుకు కూడా వేశాను. నా అడుగు నేలమీద పడేలోగా నీ గొంతు వినపడింది. కామ్రేడ్ ఎర్మతోవ్, మస్తూర అక్క కుడిచేతికి స్పర్శ లేదు, కాలినా ఆవిడకు తెలియదు, కొక్కేలు నేనే వదిలాను, ఆవిణ్ణి కొలిమి దగ్గర నుంచి తీసెయ్యండి అన్నావు.

తీసెయ్యండి అన్నావే! చెడిపోయిన మర గురించి చెప్పినట్టు.

నేను చెయ్యి వెనక్కి దాచుకున్నాను, దొంగతనం చేసి దొరికిన పిల్లలా. అంత సిగ్గు నా జన్మలో ఎరగను. మధ్యాహ్నానికల్లా నన్ను సామాను కట్టే షెడ్డుకి పంపేశారు. నేను దించిన టీ కూజాలనే గడ్డిలో చుట్టి పెట్టెల్లో సర్దాలి. అది వేడిపని కాదు. పింఛను మాట ఇక ఎత్తొద్దన్నారు.

మర్నాడు నా చోట నిలబడింది ఎవరు? మీ ఆడపడుచు కూతురు. ఇది విన్నాక ఇంకేం కావాలి? హోసియత్ తన వాళ్లకి చోటు చేసుకుందని షెడ్డులో ఆడవాళ్లంతా గుసగుసలు. నేను నమ్మలేదు. కాదు, అబద్ధమెందుకు, నమ్మాను. మొదట ఒక పూట నమ్మలేదు, ఆ తరవాత నమ్మాను. బయటివాళ్లు చేస్తే తిట్టుకుని ఊరుకునేదాన్ని. నేను చెయ్యి పట్టి నేర్పినదానివి, ఆ చెయ్యినే చూపించి నన్ను వెళ్లగొట్టించావు. నా కడుపు మండిపోతోంది హోసియత్. గొంతు కోసినా ఇంత బాధ ఉండేది కాదు.

ఇక నువ్వు మా గుమ్మానికి రావద్దు. మీ పిల్లల ఊయల వేడుకకి నేను కుట్టిన బొంత నీ దగ్గరే ఉంచుకో, పిల్లలేం చేశారు. మనిద్దరికీ ఇంతటితో చెల్లు.

ఇట్లు,
ఒకప్పుడు నీకు అక్క అయిన
మస్తూర.

తా.క.: పైన ఉన్న రాత, ఈ రాత ఒకటి కాదని చూడగానే పోల్చుకుంటావు. ఇది నేను చెబుతుంటే గుల్చెహ్ర రాస్తోంది.

ఈ కాగితం కింది మూల చూడు. మాడి గోధుమరంగు తిరిగిన చోట నాలుగు వేళ్ల గుర్తు కనపడుతుందా? అది నాది. సంతకం పెట్టాక సిరా ఆరలేదు. ఇనప పొయ్యి మూత మీద కాగితం పరిచి, ముడుచుకుపోకుండా కుడి అరచేత్తో నొక్కిపట్టాను. అక్కతో నీ గురించే చెబుతున్నాను, ఎంత ద్రోహం చేసిందో చూశావా అని. ఏదో ఉన్ని మాడుతోందే అంది అక్క. అవునే, నాకూ వాసన వస్తోంది, గుల్చెహ్రా, నీ శాలువా చూసుకో అన్నాను. ఆ పిల్ల నా వైపు చూసి కెవ్వున కేకేసింది. నా చెయ్యి లాగి అవతల పడేసింది. అప్పటికి కాగితానికి అంటుకుని తోలు వచ్చేసింది.

నొప్పి లేదు హోసియత్. ఇప్పుడు కూడా లేదు. అక్క పెరుగు పట్టించి ఏడుస్తూ కూర్చుంది, నాకు మాత్రం ఎవరి చెయ్యో చూస్తున్నట్టుంది. కొలిమి దగ్గర గొలుసు నా కోసం ఆగేది కాదు. నువ్వు కొక్కెం ఖాళీగా వదిలినప్పుడే ఆగినట్టుండేది. ఒక్కో కొక్కెం వదిలి నా చెయ్యిని ఇన్నాళ్లూ కాస్తూ వచ్చావా? ఖాళీగా వదలొద్దని ఎర్మతోవ్ అన్నాడు గనక, ఇంక కాయడానికి నీ దగ్గర ఏమీ మిగల్లేదు గనక, అలా అన్నావా?

పొద్దున్నే ఇక్కడి ఆసుపత్రికి తీసుకెళ్తామంటున్నారు. వెళ్తాను. పింఛను పోయినందుకు ఇంకా ఏడుపొస్తోంది, అది రాయకపోతే నాకు తోచదు. అందరి ముందూ అన్నావు చూడు, దానికి ఇంకా కోపంగానే ఉంది. నా చెవిలో చెప్పొచ్చు కదా అన్నాను. గుల్చెహ్ర రాయడం ఆపేసి, చిన్నత్తా, ఆవిడ ముందు నీకే చెప్పిందిగా, బల్ల దగ్గర, నువ్వే వినలేదు అంటోంది. రాయమంటే రాయి, తీర్పులు చెప్పకు అన్నాను. అయినా అది రాసేసింది, ఉండనీ.

పైన రాసినదంతా చింపేద్దామన్నారు. వద్దన్నాను. అంత కోపం వచ్చిందని నీకు తెలియాలి, ఈ మచ్చ కూడా నువ్వు చూడాలి. మీ ఆడపడుచు కూతురికి చెప్పు, కార్ఖానాలో నా అలమరలో పాత గుడ్డ చుట్టిన పటకారు ఉంది, తీసుకోమను. కొత్తవి జారతాయి. తొడుగు పలచబడగానే మార్చమను, నాలాగా బడాయి పోవద్దను.

కట్టు కట్టించుకుని వచ్చే సోమవారం పొద్దున వస్తాను. గేటు వాళ్లను బతిమాలుకుని కొలిమి అవతల, నా పాత చోట నిలబడతాను. దేన్నీ ముట్టుకోను, చేతులు వెనక్కి పెట్టుకునే ఉంటాను. ఎర్మతోవ్ అరిస్తే అరవనీ. మొదటి కొక్కెం ఖాళీగా వదులు.