బీల మట్టిలో పాత వాన

మావా,

నువ్వు పోయి నేటికి ఏడాది. వాతావరణం చదువుతున్న మన చిన్నమ్మాయి సోంపేట బీలలో, ఆ చిత్తడి నేలలో, గొట్టం దింపి లోతు మట్టి తీసింది. వేల ఏళ్ల కిందట భూమి వేడెక్కినప్పుడు ఇక్కడ వానలు బాగా కురిశాయని ఆ మట్టిలో మిగిలిపోయిన అప్పటి పుప్పొడిని బట్టి తెలిసిందట. రాబోయే వానల్ని లెక్కగట్టే కంప్యూటరు నమూనా మాత్రం అదే కాలానికి అంత వాన చూపడం లేదట.

"ఇప్పుడూ భూమి వేడెక్కుతోంది కదా, మరి తుఫానుకి పడిపోయిన కొబ్బరిచెట్ల జాగాలో ఏటి నాటమంటావు? కొబ్బరికి నీళ్లు కావాల కదా," అన్నాను.

"నాకూ తెలవట్లేదమ్మా. కంప్యూటరుదే తప్పో, ఏటో."

"మట్టయితే అబద్ధమాడదు కదా?"

"మట్టిని మేమే తప్పు సదివామేమో," అంది.

దేన్ని నమ్మాలో తోచక, ఈ ఉదయం ఒక గోతిలో కొబ్బరి, పక్క గోతిలో తక్కువ నీళ్లతో బతికే జీడి నాటాం. నువ్వుంటే మమ్మల్ని చూసి నవ్వేవాడివి. ఏది బతుకుతుందని అడిగితే మాత్రం నువ్వూ తల గోక్కునేవాడివి.