గోరంత పూల పొద

ప్రియమైన ఇసుక దొరగారికి,

నీ ఉత్తరం అందింది. నాలుగు పేజీలు! అందులో మూడున్నర ఆ పొద గురించే. అక్క మోకాలికి ఆపరేషన్ అయిందన్న సంగతి మాత్రం గుర్తు లేదు. సూదుల్లాంటి ఆకులట, గోరంత పూలట, వాసన లేదట. ఇరవై రెండేళ్లుగా పూల కొట్టు నడుపుతున్నాను. వాసన లేని గోరంత పూవు మొహం ఎవరు చూస్తారురా? ఉప్పుగాలికి పెరిగే పిచ్చి మొక్కకి కాపలా కాయడానికా నిన్ను అంత చదివించింది? కొట్టుకి వచ్చేవాళ్ళు "మీ తమ్ముడేం చేస్తుంటాడండీ" అని అడిగితే, "సర్కారు ఉద్యోగం" అని చెప్పి మాట మార్చేస్తున్నాను.

వేళకి తిను.

నీ మీద ఆశ వదులుకుంటున్న
అక్క


ప్రియమైన అక్కకి,

మోకాలి గురించి అడగలేదు. తప్పే, ఎంతైనా తిట్టు. మెట్లు మాత్రం ఎక్కకు.

పొద సంగతి నీకు తెలియదు. అది ఈ ఇసుక నేలలో తప్ప ఎక్కడా మొలవదు. ఆ నేలలోనూ మిగిలింది ఈ ఒక్క మైదానమే. పూవు వాడి, గింజ పట్టి, ఇసుకలో రాలితేనే కొత్త మొక్క. రెండేళ్లుగా నాకు ఒక్క గింజ దొరకలేదు. ఈ ఏడు కూడా చూపించలేకపోతే, కాపాడడానికి ఇక్కడేమీ లేదని రాసేసి, గోదాములు కట్టుకునేవాళ్ళకి ఇచ్చేస్తారట.

ఎవరో కోసుకుపోతున్నారు. ప్రతి సోమవారం నేను ఆఫీసుకి వెళ్ళి వచ్చేసరికి కొమ్మలుండవు. పూలు విచ్చకముందే, మొగ్గల్లోనే కోస్తున్నారు. పశువులు కొరికినట్టు లేదు. కత్తెరతో ఏటవాలుగా, శుభ్రంగా కోసి ఉంటోంది.

నీ
తమ్ముడు


ప్రియమైన మొక్కల పోలీసుకి,

చదివి కడుపుబ్బ నవ్వాను. పిచ్చి మొక్కకి దొంగలు కూడానా! ఎవరో పొయ్యిలోకి కోసుకుపోతుంటారు, పోనీ. మొగ్గలో కోస్తున్నారని ఏడుపొకటి. ఒక్కసారైనా నా కొట్టుకి వచ్చుంటే తెలిసేది, పూవుని కోయాల్సిందే మొగ్గలో. విచ్చిన పూవు తెస్తే, కొట్టుకి సరుకు వేసే ట్రాలీవాడి మొహానే కొడతాను. బొకేల్లో గులాబీల వెనక గుబురుకి పెడతామే, పేరు కూడా ఎవరూ అడగని కొమ్మలు, వాటినీ మొగ్గలోనే కోయమని చెప్పాను. వారం రోజులు నిలుస్తాయి. వ్యాపారమంటే అదీ. నీకు అర్థం కాదులే.

అంత అపురూపమైతే ఓ కొమ్మ పంపు. కొట్లో అందరం చూసి నవ్వుకుంటాం.

అక్క


ప్రియమైన అక్కకి,

పుస్తకంలో పెట్టి నొక్కిన కొమ్మ పంపుతున్నాను. నవ్వుకోండి.

ఇసుక దిబ్బ వెనక ఏడు పొదలు మిగిలాయి. దొంగ కంటికి ఇంకా ఆనలేదు. వచ్చే సోమవారం పెద్ద ఆఫీసరు రమ్మన్నాడు. వెళ్ళకపోతే ఉద్యోగం పోతుంది, వెళితే పొదలు పోతాయి. నాకేం తోచడం లేదు.

తమ్ముడు


ప్రియమైన తమ్ముడికి,

సోమవారం ఆఫీసుకి వెళ్ళు. ఎవడూ రాడు.

నీ కవరు అందరి ముందూ విప్పాను, నవ్వుదామనే. బొకేలు కట్టే పెద్దాయన చూసి, "ఇదేంటమ్మా, మన గుబురు కొమ్మని ఎవరో కవర్లో పెట్టి పంపారు?" అన్నాడు. పక్కనే బకెట్లో చూశాను. అదే ఆకు, అదే మొగ్గ. సోమవారం సాయంత్రాలే తెస్తాడు ట్రాలీవాడు. ఏటవాలుగా కోయడం వాడికి నేర్పింది నేనే, నీళ్ళు బాగా పీలుస్తుందని.

నీ నాలుగు పేజీలూ ఎగతాళికే చదివాను, అందుకే కళ్ళ ముందున్నది కనపడలేదు. రెండేళ్లు! పూలు తెలిసినదాన్నని గొప్పలు పోయాను. బుర్రలో ఇసుకున్నది నాకురా.

వాణ్ణి పిలిచి నిలదీశాను. "మీరేగా మొగ్గలో తెమ్మంది" అన్నాడు. ఇక అటు అడుగు పెట్టనని కాగితం మీద రాయించుకున్నాను. అది ఇందులోనే ఉంది. బకెట్లలో కొమ్మలు తెల్లగా విచ్చుకున్నాయి. చాలా బాగున్నాయి. గింజ మాత్రం పట్టవు.

నువ్వు ఫిర్యాదు రాస్తావుగా. ట్రాలీవాడి పేరు పైన నా పేరు రాయి. వాడు కోసిందీ నేను కోయమంటేనే. అక్క కదా అని నా పేరు దాచావో, నీకంటే పనికిమాలిన మొక్క ఆ మైదానంలో మరోటి లేదనుకుంటాను.

అక్క