అండి లేని మాట

అమ్మా సుజాతా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఆరేళ్లు. నీ కూతురు లావణ్య గుంటూరులో డిజైను కోర్సు చదువుతోంది. బస్సుల్లో ఆడపిల్లల మీద చేతులేసేవాళ్ల కోసం, సీటు వెనక అంటించే స్టిక్కరు చేసింది. పోయిన నెల తెచ్చి, "తప్పులుంటే దిద్దు అమ్మమ్మా" అంది. రిటైరైనా తెలుగు టీచర్నే కదా, ఎర్ర పెన్ను తీశాను.

"దయచేసి చెయ్యి తీయండి" అని ఉంది.

"వాడేమన్నా నీకు కాబోయే మామగారుటే, అండీ అంటున్నావు?"

"కొత్తవాళ్లని అండీ అనమని నేర్పింది నువ్వేగా!"

నీకూ అదే నేర్పాను. కాలేజీకి వెళ్లే పర్చూరు బస్సులో ఎవడో రోజూ మీద పడుతున్నాడని నువ్వు ఏడిస్తే, "గొడవెందుకు, మర్యాదగా జరగండి అను" అన్నాను. నువ్వు అలాగే అన్నావు. వాడు నవ్వాడట. ఆ నెలలోనే నువ్వు చదువు మానేశావు. నేనూ మానొద్దనలేదు.

"దయచేసి" కొట్టేశాను. "అండి" కొట్టేశాను. "చెయ్యి తియ్యి" అని మిగిలింది. లావణ్య అలాగే అచ్చువేయించి, డిపోలో అడిగి బస్సుల్లో అంటించింది.

నిన్న నేను అదే పర్చూరు బస్సెక్కాను. ముందు సీట్లో పిల్ల ఒకతి స్టిక్కరు వంక చూసి, పక్కనున్నవాడితో "చెయ్యి తియ్యి" అంది, బస్సంతా వినపడేలా.

"పెద్దవాణ్ణి పట్టుకుని ఏంటమ్మా ఆ మాట? మీరైనా చెప్పండి మామ్మగారూ" అన్నాడు వాడు, నా నెరిసిన జుట్టు చూసి.

లేచి నిలబడ్డాను.

"దిగరా" అన్నాను.

ఆ రోజే నీతో బస్సెక్కి అనాల్సిన మాట, తల్లీ.

మీ అమ్మ