గడ్డికి కాళ్లు లేవు

గౌరవనీయులైన గడ్డి యజమాని గారికి,

నేను మీ అక్క భర్తను. నాలుగేళ్లయింది కాబట్టి గుర్తు చేస్తున్నాను. మీ అక్క పోరు పడలేక ఈ ఉత్తరం రాస్తున్నాను, లేకపోతే కలం ముట్టుకునేవాణ్ణి కాదు.

ఈ ఏడు వానలు ముఖం చాటేశాయి. ఇక్కడ ఎండుగడ్డి ధర చెబితే మీరు నమ్మరు, మీరే పెంచి ఉంటే తప్ప. పోయిన వారం ఒక వ్యాపారి దగ్గర ఆరు మోపులు కొన్నాను. పైన బంగారం, లోపల బూజు. ఎత్తి చెత్తకుప్పలో పారేశాను. అటక మీద పన్నెండు రోజుల గడ్డి మిగిలింది. తినే నోళ్లు నాలుగు: పిల్లలకు స్వారీ నేర్పే ఆడగుర్రం రాణి, కవలల్లాంటి రెండు మగ గుర్రాలు, వాటికి తోడుగా ఒక గాడిద. ఏం చెప్పినా తల ఊపుతుంది కాబట్టి దాన్ని గుమాస్తా అంటాం. గడ్డి దొరక్కపోతే వీటిని అమ్మేసి స్వారీ బడి మూసుకోవాలి.

నలభై మోపులు లారీలో పంపండి. బజారు ధరే ఇస్తాను, చుట్టరికం కలపొద్దు. నేను మాత్రం అక్కడికి రాను.

ఇట్లు,
మీ అక్క భర్త

*

గౌరవనీయులైన అక్క భర్త గారికి,

ఉత్తరం అందింది. గడ్డి ఉంది. కానీ కొండ మీద నుంచి మీ దాకా లారీ కిరాయి గడ్డి ధరకు రెట్టింపు అడుగుతున్నారు.

అయినా నా గడ్డి మీకెందుకండీ? నాలుగేళ్ల కింద సంతలో, అరవై మంది ముందు, నా మోపులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చి, "ఈ తడిగడ్డి పెట్టి సొంత అక్క గుర్రాల్నే చంపుదామనుకున్నావా?" అన్నది మీరే. ఆ రోజు నుంచి అక్క ఈ గుమ్మం తొక్కలేదు. మీ పంతం, నా పంతం, మధ్యలో నలిగింది అది.

ఒక ఉపాయం చెబుతాను. గడ్డికి కాళ్లు లేవు, మీ గాడిదకు నాలుగున్నాయి. దాన్నే ఇటు పంపండి. మెత్తటి గడ్డి పెడితే గాడిదలకు గిట్టలు పాడవుతాయి. మా రాతి వాలులో మొలిచే గరుకు గడ్డి దానికి సరిగ్గా సరిపోతుంది. ఒక నోరు తగ్గితే మీకు నాలుగు రోజులు కలిసొస్తాయి.

ఇట్లు,
తడిగడ్డి యజమాని

*

గడ్డి యజమాని గారికి,

గుమాస్తాను నాడాలు కొట్టే తాత మీకు అప్పగించే ఉంటాడు. వెళ్లమంటే ఎప్పటిలాగే తల ఊపింది.

అది వెళ్లిన మర్నాటి నుంచి రాణి మేత గాడి వైపు చూడటం లేదు. మంచి గడ్డి ఏరి ఏరి పెడితే నాలుగు పరకలు నోట పెట్టుకుని ముఖం తిప్పుకుంటోంది. "తోడు లేకపోతే ఎవరికి మాత్రం ముద్ద దిగుతుందండీ?" అని మీ అక్క నా వంకే చూస్తూ కళ్లు ఒత్తుకుంటోంది. ఆ ఏడుపు గుర్రం కోసమేనా అని అడిగే ధైర్యం నాకు లేదు.

రాణిని కూడా పంపుతున్నాను. మంచి గుర్రం. మీ వాళ్లెవరూ తోక పట్టుకుని ఆడకుండా చూడండి.

ఇట్లు,
మీ అక్క భర్త

*

బావగారికి,

రాణి చేరింది. గుమాస్తాను మూతితో ఒక పోటు పొడిచి, నిలబడ్డ పాటున అర మోపు ఊదేసింది. బెంగంటే ఇలా ఉండాలి!

నిజం చెప్పాలంటే, రాణి వెంట అక్క వస్తుందనుకున్నాను. పొద్దుటి నుంచి వాకిట్లోనే నిలబడ్డాను. తీరా చూస్తే కళ్లెం పట్టుకుని నాడాల తాత. ఆయన మీద కోపం వచ్చింది, పాపం, ఆయనేం చేశాడు? మా ఆవిడ అక్క కోసం వండినదంతా ఆయనే తిన్నాడు.

కవలలు ఎలా ఉన్నాయి? తింటున్నాయా?

ఇట్లు,
మీ బావమరిది

*

బావమరిదికి,

కవలలు కూడా తిండి మానేశాయి. రెండూ ఒకేసారి, కూడబలుక్కున్నట్టు. రెండింటినీ ఒక్కణ్ణే తీసుకెళ్లలేనని తాత చేతులెత్తేశాడు. మీ అక్క పెట్టె సర్దుకుని సిద్ధంగా ఉంది. అంత తొందరగా పెట్టె ఎలా సర్దిందో నాకు అంతుబట్టలేదు. నిన్న బయల్దేరారు.

ఇప్పుడు నా శాలలో నేనొక్కణ్ణే. స్వారీకి వచ్చిన పిల్లల్ని ప్రహరీగోడ మీద కూర్చోబెట్టి, మేకుకు తాడు కట్టి, కళ్లెం పట్టడం నేర్పుతున్నాను. ఒకమ్మాయి గోడ మీద నుంచి కూడా పడింది. దెబ్బేం తగల్లేదు. "గోడ కదల్లేదు కదమ్మా!" అంటే, "కదిలిందనుకున్నాను మాస్టారూ" అంది.

అటక మీద ఇంకా అయిదు రోజుల గడ్డి ఉంది, తినేవాళ్లే లేరు. నువ్వు పిలుస్తావేమోనని ముందే చెబుతున్నాను, నేను రాను. నేను గడ్డి తినను కదా.

ఇట్లు,
మీ బావ

*

ప్రియమైన బావా,

నువ్వు చదివేటప్పుడు కూర్చుని చదువు.

నిన్న అన్నాలు తింటూ అక్క అసలు సంగతి చెప్పేసింది. నువ్వు శాలలోకి వచ్చేలోగా లేచి, వాటిని కడుపునిండా మేపేదట. ముందు రోజు నువ్వు పెట్టి, తినలేదని విసుక్కుని తీసేసిన గడ్డే మర్నాడు పెట్టేదట. నిండిన కడుపుతో ఏ గుర్రం మాత్రం గాడి వైపు చూస్తుంది? పుట్టింటికి వెళ్తానని నోరు తెరిచి అడగలేక ఇంత నాటకం ఆడింది. దాన్ని తిట్టకు.

నేను ఒప్పుకోవాల్సినవీ రెండున్నాయి. లారీ కిరాయి అబద్ధం. లారీ మా ఇంటి ముందే ఉంది, నాదే. నువ్వు మోపుల కోసమైనా వస్తావనుకున్నాను.

రెండోది చెప్పడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ మోపు తడిదే. వాన ముంచుకొస్తోందని ఆరకుండానే కట్టేశాను. తెలిసే అమ్మాను. నువ్వు నిజం చెప్పావనే నాకు అంత మంట.

ఈసారి నలభై మోపులూ గలగలా ఎండాయి. వచ్చి ఎవరి ముందైనా సరే చెయ్యి పెట్టి చూడు.

నీ బావమరిది

*

ప్రియమైన బావమరిదీ,

మీ అక్క నాటకం నాకు రెండో రోజే తెలిసిపోయింది. ఏమీ తినని గుర్రం పూటకు తట్టెడు లద్దె ఎలా వేస్తుందిరా? ముప్ఫై ఏళ్లుగా ఎత్తేది నేనేగా. గడ్డి దాచిందిగానీ లద్దె దాచాలని మీ అక్కకు తట్టలేదు.

తెలిసి ఎందుకు ఊరుకున్నానంటావా? దాన్ని వెళ్లమని చెప్పడానికి నాకూ నోరు రాలేదు. నాలుగేళ్లుగా రాలేదు. గుర్రాలే తీసుకెళ్లనీ అనుకున్నాను.

ఆ రోజు ఆ మాట నీ చెవిలో చెప్పాల్సింది. అరవై మంది ముందు అన్నాను. అది నా తప్పు.

రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాను. లారీ పంపకు, నడిచే వస్తాను. నీ అక్కతో ఒక్క మాట చెప్పు. నాలుగు రోజులుగా నేనూ సరిగ్గా తినడం లేదు. ఇది నాటకం కాదు.

నీ బావ