మన ఇంటి రక్తం

గౌలిపుర,
12 నవంబరు 1982.

ఈరోజు మూడు బర్రెల పాలు పితికాను, పేడ ఎత్తాను, నలభై పిడకలు కొట్టాను, నీ కొడుకును దవాఖానాకు తీసుకెళ్ళి రక్తం ఎక్కించి తెచ్చాను.

తమ్ముడు బీరయ్యకు అక్క దీవెనలు. నేను, మీ బావ, చంద్రమ్మ, నీ కొడుకు, నలుగురం బతికే ఉన్నాం. బాగున్నామని మాత్రం రాయను.

చంద్రమ్మను, పిల్లవాడిని మా ఇంటికి పంపేసి, "మా దిక్కుల లేని రోగం పోరనికి ఎక్కడిది?" అని కార్డు రాశావు. నా కూతురిని చేసుకోగానే నువ్వు మన ఇంట్లో పుట్టనివాడివైపోయావా?

డాక్టరమ్మను అదే అడిగాను. "తల్లి దిక్కుకెల్లి ఒకటి, తండ్రి దిక్కుకెల్లి ఒకటి, రెండు చెడ్డ జీన్లు కలిస్తెనే గిట్లయితది" అన్నది.

"జీన్ అంటే ఏందమ్మా?"

"రక్తం ఎట్ల తయారు కావాల్నో చెప్పే రాత. నీ బర్రెలల్ల ఉన్నది, నీ లోపట ఉన్నది సుత ఒక్క పాత జీవికెల్లే వచ్చినయి. కోట్ల ఏండ్లల్ల కొంచెం కొంచెం మారినయి. నీ బిడ్డది, నీ తమ్మునిది అయితే నిన్నమొన్న ఒక్క ఇంట్లకెల్లి దిగింది."

"మా తమ్ముడు నాకేం లేదంటుండు."

"గాయిన ఇయ్యకుంటే పోరనికి యాడికెల్లి వస్తదమ్మా?" అని నవ్వింది.

బాపు మూడేళ్ళకోసారి దున్నను మార్చేవాడు. దాని పెయ్యల మీదికి దాన్నే వదిలేవాడు కాదు. సంతకు తోలుకుపోయింది నువ్వే. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మేనరికమని మురిశాం. అమ్మా బాపులదీ మేనరికమే.

ఇక నేను దాచింది. నీకంటే ముందు నాకొక తమ్ముడుండేవాడు, రాజన్న. ఇట్లాగే పాలిపోయి, పొట్ట ఉబ్బి, రెండేళ్ళకే పోయాడు. కామెర్లని చెప్పమన్నది అమ్మ. నీకు చంద్రమ్మను ఇచ్చేటప్పుడు వాడు గుర్తొచ్చాడు. పిల్ల పరాయింటికి పోదన్న ఆశతో నోరు మూసుకున్నాను. మొన్న చెబితే, "నీకు ఎరుకనే ఉండెనా అమ్మా?" అన్నది చంద్రమ్మ. ఆ పూట నుంచి తన అన్నం తనే వండుకుంటున్నది.

ఇప్పుడు నువ్వు మన మేనమామ కొడుకు మొగులయ్య బిడ్డను రెండో పెళ్ళి చేసుకుంటావట. మంచి రక్తమట! అదీ అమ్మ పుట్టింటి రక్తమే కదరా.

నిన్ననే మొగులయ్యకు ఉత్తరం వేశాను. డాక్టరమ్మ కాగితానికి నకలు పెట్టాను, రాజన్న సంగతీ రాశాను. నన్ను ఎంతైనా తిట్టుకో. నా బిడ్డకు చెప్పకుండా దాచిన మాట ఆయన బిడ్డకు పెళ్ళికి ముందే చేరుతుంది. ఆ బాకీ తీరింది.

ఇట్లు,
నీ అక్క, నీకు పిల్లనిచ్చిన అత్త,
కృష్ణమ్మ