ఈశాన్యపు నీరు

విజయవాడ, పటమట
కార్తిక శుద్ధ త్రయోదశి

చిరంజీవి సౌభాగ్యవతి శాంభవికి, నాన్న అనేక ఆశీస్సులతో వ్రాయునది.

ఇక్కడ మీ అమ్మ, నేను క్షేమం. అక్కడ నీవు, అల్లుడు చిరంజీవి వేదవ్యాస్ క్షేమంగా ఉన్నారని తలుస్తాను.

ఈనాడు మన స్థలంలో శంకుస్థాపన జరగవలసిన రోజు. శంకుస్థాపన అంటే ఇంటి పని మొదలుపెట్టడమని లోకం అనుకుంటుంది. పెద్దలు చెప్పిన అర్థం వేరు. నేల మనకంటె ముందు ఉన్నది, మన తరువాతా ఉంటుంది. నడుమ కొంతకాలం నీ మీద నిలవనిస్తావా అని ఆమెను అడగడమే ఆ క్రతువు. అడిగిన తరువాతనే మొదటి పలుగు. అడగడమంటూ ఉన్నప్పుడు కాదనే హక్కు కూడా ఆమెకు ఉన్నట్లే కదా. ముహూర్తం పొద్దున్నే దాటిపోయింది. కొండవాలులోని ఆ స్థలానికి నేను వెళ్లలేదు. పని ఆగిందని తెలిసినా మీ అమ్మ పలుగుకు పసుపు పూసి గోడకు ఆనించింది. ఎందుకు వెళ్లలేదో ఈ ఉత్తరంలోనే చెబుతాను. ఫోనులో చెప్పదగిన మాట కాదు. మీరుండే ఆ కొండలోయలో మాట సగం వినబడి సగం తెగిపోతుంది. ఈ మాటను సగం వినడం కంటె అసలు వినకపోవడం మేలు. కొంచెం ఓపిక పట్టు. చెప్పడానికి నేనూ ఓపిక కూడదీసుకోవాలి.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. అమ్మ మోకాళ్లు అలాగే ఉన్నాయి. మెట్లు ఎక్కవద్దని వైద్యుడు చెప్పాడు గనుక లిఫ్టు ఉన్న ఇళ్లలో పారాయణలకు మాత్రమే వెళుతున్నది. మొన్న ఒకచోట లిఫ్టు చెడిపోతే కింద వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని, మైకులో వినబడినంత విని, ప్రసాదం కిందికే తెప్పించుకొని వచ్చింది. పామర్రులో మీ పిన్ని వాళ్ల చేను ఈనిక మీద ఉండగా తుపాను వాన పడింది. నీరు తీసింది గాని గింజ సగం తాలు పోతుందని మీ బాబాయి దిగులు. నీవు పంపిన ఉన్ని శాలువను మీ సహోద్యోగి గన్నవరంలో విమానం దిగి నేరుగా మన ఇంటికే తెచ్చి ఇచ్చింది. ఈ ఊళ్లో దాన్ని కప్పుకొనే చలి ఎప్పుడు వస్తుందో గాని, అమ్మ రోజూ ఒకసారి విప్పి, నిమిరి, మళ్లీ మడతపెడుతున్నది.

నీవు పాఠాలు చెప్పే బడికి వెళ్లే దారిమీద కొండ విరిగిపడిందని, దారి బాగయ్యేదాకా తరగతులు లేవని వ్రాశావు. ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. దాని కిందనే, "మన స్థలంలో కొండ తవ్వే పని ఎంతవరకు వచ్చింది నాన్నగారూ" అని అడిగావు. రెండు వాక్యాలకూ నడుమ నీవు ఆగలేదు. నిన్ను తప్పుపట్టడం లేదమ్మా. దుఃఖంలో ఉన్నవారికి ఎదుటి కొండ ఒకటి, తమ కొండ మరొకటి.

వరుస తప్పకుండా చెబుతాను. గుణదల వైపు కొండవాలులో నీ పెళ్లినాడు నీ పేర వ్రాయించిన స్థలం అది. కొండ దానికి ఈశాన్యాన లేచి, నేల నైరుతి మూలకు జారి రోడ్డును కలుస్తుంది. రెండు మారులు నీ ఒడి నిండబోయి వెలితిపడింది. ఆ తరువాత ఎవరో వాస్తు చెప్పే ఆయన ఫోనులో స్థలం బొమ్మ చూసి, ఈశాన్యం మీద కొండ కూర్చున్నదని, ఆ బరువు తీయనిదే సంతానం నిలవదని చెప్పాడు. ఈశాన్యం లోతుగా తవ్వి పల్లం చేయాలి. ఆ మట్టిని తెచ్చి నైరుతిని మెరక చేయాలి. అంటే కొండ వాలునే తిరగవేయాలి. శాస్త్రం ఏమంటుందని నీవు నన్ను అడగలేదు. దరఖాస్తు వ్రాయమని, నీ పక్షాన నడవమని అధికారపత్రం పంపావు. వ్రాశాను. నడిచాను.

ఆ దరఖాస్తు ముచ్చట ఒకటి చెప్పాలి. నగరపాలక సంస్థలో ప్రణాళికా విభాగం చూసే వినీల అనే అధికారిణి దానిని రెండుసార్లు చదువుకొని, నవ్వు ఆపుకొంటూ, "మాస్టారూ, 'నిమ్నోన్నత భూభాగ సమీకరణ' అంటే లెవెలింగే కదాండీ?" అని అడిగింది. అవునన్నాను. ఆమె పైన ఒక్క ముక్కలో వ్రాసుకొన్నది. నా సమాస వైభవం అంతటితో సరి.

పటం గీయించింది మన కాంట్రాక్టరు తిరుపతిరావు. మన స్థలానికి పైభాగాన 'ఖాళీ కొండ' అని వ్రాయించాడు. అక్కడ ఇల్లున్నది గదా అంటే, ఆ ఇంటికి పట్టా లేదు గనుక లెక్కలోకి రాదన్నాడు. ఖాళీ అని మనమే ధ్రువీకరిస్తే తనిఖీ కూడా ఉండదట, అనుమతి తేలికగా వస్తుందట. కొండమీది ఇళ్లలో చాలావాటికి ఇంకా పట్టాలు రాలేదన్న సంగతి నీకు తెలుసు. అతడు చెప్పినచోట నీ తరఫున సంతకం పెట్టాను.

పైయింటివారు ఎందుకు అడ్డుపడుతున్నారు, అసూయా అని అడిగావు. వారు పెడన నుంచి వచ్చిన నేతవారు. సాంబమూర్తి మగ్గం మానుకొని చీరల మూటతో ఇల్లిల్లూ తిరుగుతాడు. భార్య చౌడేశ్వరి మాటకారి. మన తవ్వకం గురించి నగరపాలక సంస్థ అంటించిన నోటీసు చూసిన మరునాడే పటమట వచ్చి, గడపలోనే నిలబడి అన్నది:

"పంతులుగారూ, మీ ఈశాన్యం బరువు తగ్గాలంటే మా ఇల్లు దిగి మీ నైరుతిలో కూర్చోవాలాండీ? అదేదో ముందే చెబితే సామాను సర్దుకుంటాం."

మీ అమ్మ కంగారుపడి, కూర్చోమని మంచినీళ్లు తెచ్చింది. "నీళ్లకేం లెండి జానకమ్మగారూ," అన్నది చౌడేశ్వరి, గ్లాసు అందుకొంటూనే. "పైనుంచి మీ స్థలంలోకి రోజూ పంపిస్తూనే ఉన్నాంగా."

అసూయ కాదమ్మా అది. వారి వాకిలి అంచు మన ఈశాన్యపు మూలకు సరిగ్గా పైన ఉన్నది. అక్కడ నిట్టనిలువుగా తవ్వితే వారి వాకిలి కింద గాలి తప్ప ఏమీ మిగలదు.

ఇది నీకు వ్రాశాను. నీవు వెంటనే జవాబిచ్చావు. ఆ జవాబు నాకు కంఠస్థమైంది: "పైన ఉన్న ఇల్లు రికార్డులో లేదట కదా నాన్నగారూ. మిమ్మల్ని అబద్ధం చెప్పమనడం లేదు. ఊరుకోండి చాలు. నా కోసం ఒక్కసారి ఊరుకోండి."

నీవు పుట్టిన తరువాత నీ కోసమని నన్ను ఏదీ ఇంత గట్టిగా అడిగి ఎరుగవు.

వారు అభ్యంతరం పెట్టగా నగరపాలక సంస్థ కార్యాలయంలో విచారణ వేశారు. ఆనాడు అక్కడి వరండాలో తిరుపతిరావు కూడా అదే మాట అన్నాడు. "మీరేం అబద్ధమాడక్కర్లేదండీ మాస్టారూ. నోరు తెరవకుండా ఉంటే చాలు. అంత చదువుకున్నారు, మౌనం ఒక్కటి చేతకాదాండీ?"

లోపల బల్లకు ఒకవైపు మేము, ఒకవైపు సాంబమూర్తి దంపతులు. ఆయన తన కరెంటు బిల్లులు చూపాడు. వినీల వాటిని ఓపికగా చూసింది. మంచి పిల్ల, ఆ కుర్చీలో ఆమె చేతులు ఎంతవరకు కదలగలవో అంతవరకు కదిపింది. చివరకు, "సాంబమూర్తిగారూ, మీరు చెప్పేది నాకు అర్థమైందండీ. కానీ రికార్డులో మీకు ఇంటి నంబరు లేదు. పైన ఖాళీ అని వాళ్లు ధ్రువీకరించారు. దరఖాస్తుదారే కాదంటే తప్ప నేను తనిఖీ వేయలేను," అన్నది. చౌడేశ్వరి ఏదో అనబోతే సాంబమూర్తి ఆమె చేయి పట్టుకొని ఆపాడు. నా వైపు ఆయన చూడలేదు. చూసి ఉంటే కోపం తెచ్చుకొని ఊరుకొనేవాడినేమో.

వినీల ఫైలు మూయబోతూ, మర్యాదకు అడిగినట్లే అడిగింది. "పైన ఏమీ లేనట్టే కదా మాస్టారూ?"

అమ్మా, ఇంతదాకా చుట్టూ తిరిగి చెప్పకుండా దాచిన మాట ఇదే. నీవు అడిగిన మౌనాన్ని నేను ఇవ్వలేకపోయాను.

"ఇల్లున్నదమ్మా," అన్నాను. "సాంబమూర్తిగారిది. భార్యాభర్తలు, కొడుకు, కోడలు, ఒక చంటిపిల్ల. ఖాళీ అన్నది తప్పు. సంతకం నాదే."

ఆమె కలం తీసి, "రాసుకోమంటారా?" అని అడిగింది. తిరుపతిరావు నా మోచేతిని తాకాడు. వ్రాయమన్నాను. బయటికి వచ్చాక అతడు ఒకటే అన్నాడు: "చేతకాదనే తేల్చారన్నమాట."

తెలిసినవాడు సభలో మౌనం వహిస్తే జరిగిన కీడులో వాడికీ భాగముంటుందని ఎన్ని తరగతులకు పాఠం చెప్పానో. ఆ ధర్మం కోసమే మాట్లాడానని నీతో చెప్పుకోవచ్చు. కాని అది పూర్తి నిజం కాదు. ఆ గదిలోకి వెళ్లేటప్పటికి నీ కోసం ఊరుకోవాలనే అనుకున్నాను. ధర్మం తెలియనివాడినై కాదు, తెలిసి అలసిపోయినవాడినై. మాట్లాడించింది మరొకటి. అది చివర చెబుతాను.

ఆ తరువాత తనిఖీ జరిగింది. ఇంజనీరు ఒకాయన వచ్చి కొండ చరియలో గొడుగు మొన గుచ్చి కదిపాడు. పైకి రాయిలా కనబడినది పెళ్లలుగా ఊడి వచ్చింది. ఈశాన్యం తవ్వితే వాననీరు ఆ గుంటలో నిలిచి కొండ పాదాన్నే నానబెడుతుందని, పైయింటితో పాటు మన ఇల్లూ నిలవదని చెప్పాడు. తవ్వకానికి అనుమతి నిరాకరించారు. ఉన్న వాలును ఉన్నట్లే ఉంచి, అంచున గోడ కట్టుకొని, నీటిని నైరుతికే పోనిచ్చి ఇల్లు కట్టుకోవచ్చునన్నారు. అనగా నీ వాస్తు ఆయన చెప్పినదానికి సరిగ్గా తలకిందులు. అటువంటి ఇంటికి నీవు ఒప్పుకోవని తెలుసు. అందుకే ఈనాడు పలుగు గోడకు ఆని ఉన్నది.

విచారణ ముగించుకొని వచ్చినప్పుడు మీ అమ్మ నా ముఖం చూసి, "చెప్పేశారా?" అన్నది. చెప్పానన్నాను. "అమ్మాయికి మీరే రాయండి. నావల్ల కాదు," అని లోపలికి వెళ్లి శాలువ విప్పి మళ్లీ మడతపెట్టుకొన్నది. అప్పటినుంచి ఆ సంగతి మా మధ్య రాలేదు. నన్ను తప్పుపట్టలేదు, మెచ్చుకోనూ లేదు. నీ ఒడి వెలితిని ఆమె కంటితో చూసింది. నేను వార్తగా విన్నాను. ఆ తేడా నాకు తెలుసు.

నేల తీరు కడుపును శాసిస్తుందో లేదో నాకు తెలియదు. నేను చదివిన పుస్తకాలలో శాస్త్రం నేలను పరీక్షించి ఎంచుకోమన్నది. ఎంచుకొన్న నేలను తవ్వి తిరగవేయమన్న మాట నా కంటబడలేదు. నీకు ఎందుకు అలా జరిగిందో మాత్రం ఏ పుస్తకమూ నాకు చెప్పలేదు. చెప్పి ఉంటే ముందుగా నీకే చెప్పేవాడిని. ప్రొద్దున మంచం దిగేటప్పుడు పాదం తాకినందుకు నేలను క్షమించమనే అలవాటు నాది. పాదానికే అంత అడిగేవాడిని పొక్లెయిన్‌కు ఏమని అడగను?

నీ అధికారపత్రాన్ని దీనితో తిప్పి పంపుతున్నాను. పై అధికారికి అప్పీలు చేసుకొనే గడువు ఇంకా ఉన్నది. చేయాలనుకొంటే చేయి, నేను అడ్డు రాను, నీతో మాట్లాడడం మానను. పైన ఇల్లు లేదని మాత్రం ఇక ఎవరూ అనలేరు. నాతో మాట్లాడాలో వద్దో నీ ఇష్టం. ఎన్నాళ్లయినా ఎదురుచూస్తాను.

ఇక చివరకని దాచిన మాట. విచారణకు ముందురోజు పొద్దున తిరుపతిరావు ముగ్గుతో గుర్తులు వేస్తున్నాడంటే చూడడానికి వెళ్లాను. మన ఈశాన్యపు మూల నేల తడిగా ఉన్నది. ఆ రోజుల్లో వానలు లేవు. ఆ తడి ఎక్కడిదో చూద్దామని ఆగి ఆగి పైకి ఎక్కాను. చౌడేశ్వరి వెటకారం ఒకటి విసిరి, మజ్జిగ ఇచ్చి, అరుగు మీద కూర్చోబెట్టింది. వాకిలి అంచున వారి కోడలు రేణుక చాచిన కాళ్లమీద చంటిపిల్లను పడుకోబెట్టుకొని నీళ్లు పోస్తున్నది. పిల్ల ఒకటే ఏడుపు. రేణుక చెంబుతో పోసిన నీరు పిల్ల వీపు మీదుగా, తల్లి పాదాల మీదుగా జారి, రాళ్ల సందున దిగి, నీ స్థలంలోకి పారుతున్నది. రోజూ పారుతుందట.

ఈశాన్యంలో నీరు ఉంటే శుభమని ఆ వాస్తు ఆయన కూడా చెప్పే ఉంటాడు. ఉన్నదమ్మా. పసిబిడ్డ స్నానమాడిన నీరు, తవ్వకుండానే, అడగకుండానే నీ ఈశాన్యానికి వస్తున్నది. దానిని చూసినవాడిని. ఆ గదిలో పైన ఏమీ లేనట్టేనా అని అడిగినప్పుడు నాకు వినబడినది ఆ పిల్ల ఏడుపు.

నీరు పల్లమెరుగుననేది మన పెద్దల మాట. నీ బిడ్డ ఏనాడు, ఏ దారిన నీ ఒడికి దిగివస్తుందో నాకు తెలియదు. ఆ బిడ్డకు, పైయింటి చంటిదానికి, ఈ వాలు మీద ఇంకా పుట్టవలసిన వారందరికీ కాళ్ల కింద నేల కదలకుండుగాక. పైవారి నీరు కిందివారికి తీర్థమగుగాక. కిందివారి నేల పైవారికి ఆధారమగుగాక.

ఇట్లు,
నీ మాట దాటినా నీ మేలు దాటని
నాన్న
అచ్యుతరామారావు